తొమ్మిది మందికి తెరవని సీసా

కిందటి నెలలో ఇద్దరు కుర్ర డాక్టర్లు దేశ రాజధానిలో, మయూర్ విహార్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. విదేశాలకు వెళ్లేవాళ్లకు టీకాలు వేసి సర్టిఫికెట్లు ఇచ్చే కేంద్రంలో పోస్టింగు పడిందట. "ఆరామ్ పోస్టింగ్ అంటున్నారు మేడం, నిజమేనా?" అని అడిగింది వాళ్లలో అమ్మాయి. పెసరట్టు తిరగేస్తూ నిజమే తల్లీ అన్నాను. అక్కడికి వచ్చేవాళ్లు రోగులు కారు. దగ్గరు, మూలగరు, నీ చేతుల్లో పోరు. పోతే ఎక్కడో సముద్రాల అవతల పోతారు, ఆ కబురు నీదాకా రాదు అన్నాను. ఆ పిల్లలు తినడం ఆపేసి నా మొహం చూశారు.

నాదాకా ఒక్కసారి వచ్చింది. ఆ సంగతి ఆ రోజు వాళ్లకు చెప్పలేకపోయాను. ఇద్దరూ నవ్వుతూ వచ్చారు, చెడగొట్టడం ఎందుకనిపించింది. వాళ్లు వెళ్లాక నా మీద నాకే చిరాకేసింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి ఇందులో ఉండవు. అవి తెలిసినందువల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు.

సూది ఎవరికీ అక్కర్లేదు

ముందు పని గురించి చెప్పాలి. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాల్లో ఎల్లో ఫీవర్ అనే జబ్బు ఉంది. దోమ వల్ల వస్తుంది. ముదిరితే కళ్లు పసుపెక్కుతాయి, నెత్తురు కక్కుకుని మనిషి పోతాడు. దానికి మందు లేదు, ముందుగా వేసుకునే టీకా ఒక్కటే ఉంది. టీకా వేశాక పసుపుపచ్చ కార్డు ఒకటి చేత్తో రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇస్తాం. ఆ కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు కౌంటర్లోనే ఆపేస్తారు. వేసిన పది రోజులకు గానీ అది చెల్లదు. ఆ పది రోజుల లెక్క తెలియక మా గుమ్మంలో ఏడ్చినవాళ్లు ఎందరో.

వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది సూది కాదు, కార్డు. "సూది వద్దులెండి మేడం, ముద్ర కొట్టండి చాలు" అని మొహం మీదే అడిగిన పెద్దమనుషులు ఉన్నారు. సూట్లు వేసుకున్నవాళ్లే ఎక్కువ. నాకు ఒళ్లు మండేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్క కార్డు కూడా టీకా వేయకుండా ఇవ్వలేదు. ఒక్క తేదీ వెనక్కి వేయలేదు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇక ముందు రాయబోయే వాటిలో గర్వపడేది ఏమీ లేదు.

త్యాగీ సాబ్ సున్నా

ఈ టీకా సీసాలో పొడి రూపంలో వస్తుంది. ఒక్కో సీసాలో పది మందికి సరిపడా ఉంటుంది. నీళ్లు కలిపి సీసా తెరిచాక ఆరు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఒక్క మనిషి కోసం తెరిస్తే తొమ్మిది డోసులు మురిక్కాలవలోకి పోతాయి. అందుకని పది మంది పోగయ్యేదాకా ఆగి తెరవడం మా దగ్గర ఆనవాయితీ. ఎక్కడా రాసి ఉన్న రూలు కాదు. రాసి లేని రూళ్లే మన ఆఫీసుల్లో గట్టివి.

మా కేంద్రం మంగళవారం, శుక్రవారం తెరిచేవాళ్లం. బిమలా దీదీ అని మా అటెండరు గుమ్మంలో స్టూలు వేసుకుని తలలు లెక్కపెట్టేది. "ఛే హో గయే, చార్ ఔర్ చాహియే" అని, ఆరుగురయ్యారు ఇంకా నలుగురు కావాలని కేకేసేది, షేర్ ఆటోవాడు సవారీల కోసం అరిచినట్టు. పది కాగానే నేను సీసా అందుకునేదాన్ని.

మా పై అధికారి పేరు త్యాగీ. చెడ్డవాడని రాయను. టీకా దొరకని రోజులు చూసినవాడు. ఒకసారి రెండు నెలలపాటు స్టాకు రాక, కేంద్రం తలుపు మీద చీటీ అంటించి కూర్చున్నాడట. అందుకే ఒక్క డోసు పోయినా ప్రాణం పోయినట్టు చూసేవాడు. తన గదిలో గోడ మీద చార్టు పెట్టించాడు, ఏ కేంద్రంలో ఎంత వృథా అయిందో నెలనెలా చూపించేది. మా కేంద్రం గడిలో ఎప్పుడూ సున్నా. మీటింగుల్లో అందరి ముందూ, "మేడంని చూసి నేర్చుకోండి" అనేవాడు. ఆ మాటకు నేను లోలోపల ఎంత ఉబ్బిపోయేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పొగడ్తకు మునగచెట్టు ఎక్కడం చిన్నపిల్లలకే కాదు, జుట్టు నెరిసినవాళ్లకూ ఉంటుంది.

కొత్త సర్టిఫికెట్ల హడావిడి

కరోనా తగ్గి విమానాలు మళ్లీ మొదలైన రోజులవి. ప్రపంచమంతా సర్టిఫికెట్ల మీద పడింది. ఫోనులో క్యూఆర్ కోడ్ చతురస్రం, దాన్ని మిషను చదవాలి. మా మీటింగులన్నీ వాటి గురించే. మొదటి డోసు ఆధార్ చూపించి, రెండో డోసు పాస్‌పోర్టు చూపించి వేయించుకున్నవాళ్లు కంప్యూటరు లెక్కలో ఇద్దరు మనుషులైపోయారు, ఇద్దరికీ ఒక్కో డోసే. రెండు సూదులూ పొడిపించుకుని కూడా ఏ దేశానికీ పనికిరాకుండా పోయారు. ఒకే ఫోను నంబరు మీద వీధి వీధంతా నమోదైన చోట ఎవరి సర్టిఫికెట్ ఎవరిదో తేల్చలేక తల బొప్పి కట్టేది. సూది వేయకుండానే "మీకు టీకా వేశాం" అని మెసేజీ వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సర్టిఫికెట్లను మిషను చక్కగా చదివేది. మిషనుకేం తెలుసు, ఎక్కించింది చదువుతుంది.

ఆ హడావిడిలో మా పసుపు కార్డును పట్టించుకున్నవాడు లేడు. నగరంలో పెద్ద కేంద్రానికి ఆన్‌లైన్లో స్లాటు తీసుకోవాలి, అవి నెల తర్వాతవి దొరికేవి. మాది చిన్న కేంద్రం, ఆ ఆన్‌లైన్ జాబితాలో మా పేరు ఇంకా ఎక్కలేదు. నోటిమాటగా తెలిసినవాళ్లే వచ్చేవాళ్లు. దాంతో మాకు పది తలలు పోగవడం గగనమైపోయింది. అయినా సున్నా మాత్రం వదల్లేదు నేను.

ఎల్లేశ్

ఒక మంగళవారం ఒక అన్న, ఒక చెల్లెలు వచ్చారు. అన్న పేరు ఎల్లేశ్, నల్గొండ వైపు మనిషి. బోర్లు వేసే రిగ్గు మీద పని. చెల్లెలు సరిత బేర్ సరాయ్‌లో మెస్సు నడిపేది. సివిల్స్ పిల్లలకు పప్పు, పచ్చిపులుసు, వేపుడు పెట్టే చిన్న మెస్సు. ఆఫ్రికాలో బోర్లు వేసే కంపెనీలో ఎల్లేశ్‌కు పని దొరికింది. ఫ్లైటు దాకా చెల్లెలి దగ్గరే ఉంటున్నాడు.

నాది తెనాలి. బేర్ సరాయ్‌లో మెస్సు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "గోంగూర దొరుకుతుందా అమ్మా మీ దగ్గర?" అని అడిగాను.

"దొరుకుతది మేడం. మీరొస్తే పుంటికూర పప్పు చేసి పెడత," అంది సరిత. "మా అన్నకు జెర సూది ఏసి పంపుండ్రి. పద్దెనిమిది దినాలల్ల ఫ్లైటు ఉంది."

ఆ రోజు ఆరుగురే వచ్చారు. శుక్రవారం రమ్మన్నాను. ఎల్లేశ్ చేతులు కట్టుకుని నిలబడి, "అట్లనే మేడం" అన్నాడు. పొడుగాటి మనిషి, మాట మెత్తన.

శుక్రవారం తొమ్మిది మంది వచ్చారు. బిమలా దీదీ ఇంకొక్కరు తక్కువని ఒక వేలు చూపించింది, "ఏక్ ఔర్." పన్నెండు దాకా ఆగాం. పదో మనిషి రాలేదు. ఎల్లేశ్ రోడ్డు మీదికి వెళ్లి చూసి వచ్చాడు, పెళ్లివారి బస్సు కోసం చూసినట్టు. అప్పుడు సరిత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, నాకెయ్యండి," అంది. "నేనొకదాన్ని కలిస్తే పది అయితరు కద."

"నీకు పాస్‌పోర్టు ఉందా?"

"లేదు."

"లేకపోతే వేయకూడదమ్మా. పైగా ఇది బతికి ఉన్న క్రిమితో చేసిన టీకా, అవసరం లేనివాళ్లకు పొడవకూడదు."

"నాకేం కాదు మేడం. మీరు ఏయిండ్రి. మా అన్న పోవాలె."

ఆమెకు వేయనని చెప్పడం తప్పు కాదు. ఇప్పటికీ అదే చెబుతాను. తప్పు అక్కడ లేదు. తొమ్మిది మంది చొక్కా చేతులు పైకి మడిచి బెంచీల మీద కూర్చుని ఉన్నారు, నా వెనక ఫ్రిజ్‌లో సీసా ఉంది. తలుపు తీసి చేయి చాపితే అందుతుంది. ఆ నెలకు అదే చివరి వారం, సున్నా సున్నాగానే ఉంది. "మంగళవారం అందరూ రండి, తప్పకుండా వేస్తాను" అన్నాను. సరిత ఏదో అనబోతే అన్న చేయి పట్టి ఆపాడు. "డాక్టరమ్మ ఏస్త అంటుంది కద, ఊకో," అన్నాడు.

మంగళవారం నలుగురు వచ్చారు. మిగతా ఐదుగురు ఏ దారి చూసుకున్నారో తెలియదు. ఎల్లేశ్ మాత్రం పొద్దున్నే వచ్చి మొదటి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు వేస్తే ఫ్లైటుకు పదకొండు రోజులు ఉండేవి, కార్డు చెల్లేది. శుక్రవారానికి ఎనిమిదే మిగులుతాయి, వేసినా లాభం లేదు. ఆ లెక్క నాకు తెలుసు. నలుగురి కోసం తెరిస్తే ఆరు డోసులు పోతాయని త్యాగీ గారికి ఫోను చేశాను. ఆయన కరోనా సర్టిఫికెట్ల మీటింగులో ఉన్నారు. "ఆప్ సమఝ్‌దార్ హైఁ మేడం" అని పెట్టేశారు. తెలివైనదాన్ని కాబట్టి ఆయన ఏం కోరుకుంటున్నారో నాకు అర్థమైంది. పంపేశాను. ఎల్లేశ్ వెళ్తూ నమస్కారం పెట్టాడు.

మళ్లీ అతన్ని చూడలేదు.

మూడు వాక్యాలు

నాలుగు నెలల తర్వాత విచారణ అధికారి ఒకాయన ఫైలు పట్టుకుని మా కేంద్రానికి వచ్చారు. ఆఫ్రికాలో ఒక భారతీయుడు ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడు. అతని సంచిలో మా కేంద్రం ముద్రతో, నా సంతకంతో టీకా కార్డు ఉంది. టీకా వేసుకున్న మనిషి ఆ జబ్బుతో ఎలా పోయాడని అక్కడి ఆసుపత్రి మన ఎంబసీని అడిగింది. ఆయన కార్డు ఫొటో నా ముందు పెట్టారు. పేరు చూశాను. ఎల్లేశ్. నీళ్లు తాగాను.

సంతకం నాది కాదు. ముద్ర కూడా దొంగదే. ఎయిర్‌పోర్టు పక్కన మహిపాల్‌పుర్‌లో ఏజెంటు ఎవడో చేయించి ఇచ్చాడు. "ఇతను ఎప్పుడైనా మీ దగ్గరికి వచ్చాడా?" అని అడిగారు ఆయన.

మా రిజిస్టర్‌లో మూడు గడులు ఉంటాయి: టీకా వేసుకున్నవాళ్లు, వాడిన సీసాలు, వృథా అయిన డోసులు. వచ్చి తిరిగి వెళ్లినవాళ్లకు గడి లేదు. నేను మూడు వాక్యాలు రాసి ఇచ్చాను. ఈ సంతకం నాది కాదు. ఈ కార్డు నంబరు మా కేంద్రానిది కాదు. ఈ పేరు మా రిజిస్టర్లో లేదు. మూడూ నిజాలే. నిజాలతో అబద్ధం చెప్పడం ఎలాగో ఆ రోజు తెలిసింది.

ఏజెంటు దొరకలేదు. సరిత దొరికింది. కార్డు కోసం ఏజెంటు దగ్గరికి అన్నతో వెళ్లింది ఆమే, ఫోను మాటలు ఆమె నంబరు నుంచే. దొంగ ప్రభుత్వ పత్రం చేయించిందని కేసు పెట్టారు. సూదికి భయపడి అన్నా చెల్లెళ్లు అడ్డదారి తొక్కారని అందులో రాశారు. ఆమె నా దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు, నా బల్ల ముందు నిలబడే ఉంది.

"మేడం, నేను కార్డు కొన్న. తప్పే చేసిన. కానీ సూది వద్దని కొనలే. మూడుసార్లొచ్చినం. అదొక్కటి రాసియ్యుండ్రి. మా అన్న దొంగతనంగ పోయిండని మా వదినె ముంగట అందరు అంటున్నరు. ఆమె మొకం చూడలేకపోతున్న."

రాసివ్వనా అని త్యాగీ గారిని అడిగాను. "రిజిస్టర్ మే నహీ హై, తో ఆయా హీ నహీ," అన్నారాయన. పుస్తకంలో లేనివాడు రానట్టే. నా రిటైర్‌మెంటుకు ఎనిమిది నెలలే ఉందని కూడా గుర్తు చేశారు. ఆయన గుర్తు చేయకపోయినా నాకు గుర్తుంది. సరితతో, "కోర్టు పిలిస్తే వచ్చి చెబుతానమ్మా" అన్నాను. పిలవరని నాకు తెలుసు. ఆమెకూ తెలిసిందనుకుంటా. తల ఊపి వెళ్లిపోయింది. బిమలా దీదీ స్టూలు వదిలి ఆమె వెంట గేటు దాకా వెళ్లింది.

రిటైరైన రోజు పూలదండ వేసి, ఇన్నేళ్లలో ఒక్క డోసు వృథా చేయని అధికారి అని చదివారు. చేతులు జోడించి నిలబడ్డాను.

కొత్తగా చేరేవాళ్లకు

మీరు రేపు నా కుర్చీలో కూర్చుంటారు. దొంగ కార్డులు చేసేవాళ్లను తిట్టడం తేలిక. నేనూ తిట్టేదాన్ని. కానీ ఏజెంటు దుకాణం నడిచేది మన గుమ్మంలోంచి వెనక్కి వెళ్లినవాళ్లతోనే. సర్టిఫికెట్ అడగడం ప్రభుత్వానికి ఒక్క ఉత్తర్వుతో పని. ఆ సూది మనిషికి అందేలా చూడటానికి ఫ్రిజ్ కావాలి, మనిషి కావాలి, వారంలో రెండు రోజులు చాలవు. అది చేయకుండా కాగితం అడిగితే జనం కాగితమే తెస్తారు.

ఇంకో మాట. రిజిస్టర్లో గడి లేకపోయినా సరే, వెనక్కి పంపినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాయండి. అట్ట మీద రాయండి, మార్జిన్‌లో రాయండి. ఎందుకు పంపారో రాయండి. అలా రాయాల్సి వస్తే సగం మందిని పంపడానికి మీకు చెయ్యి ఆడదు. టీకా అపురూపమైంది, నిజమే. ఎవరి కోసం అపురూపమో మరిచిపోయాను నేను.

లక్ష్మీ నగర్‌లో

పోయిన చలికాలంలో తెల్లకాగితం మీద అంతా రాశాను. మూడు తేదీలు, వచ్చిన తలల లెక్క, నేను చెప్పిన మాటలు. కింద సంతకం పెట్టాను, ఈసారి నాదే. బేర్ సరాయ్ వెళితే మెస్సు లేదు, ఆ గదిలో జిరాక్సు షాపు ఉంది. పక్క పుస్తకాల కొట్టు అతను చెప్పాడు, సరిత లక్ష్మీ నగర్‌లో ఎవరిదో హాస్టల్లో వంట చేస్తోందని.

మెట్రోలో వెళ్లాను. కోచింగ్ సెంటర్ల వెనక సందులో హాస్టలు. మధ్యాహ్నం వంటకు గిన్నెడు బీరకాయలు ముందేసుకుని చెక్కు తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. పీట జరిపి కూర్చోమంది. కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని, నిదానంగా మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"కేసు అయిపోయింది మేడం," అంది. "తిరగలేక ఒప్పుకున్న. వకీలు అదే మంచిదన్నడు."

"వదినకు చూపించు, కనీసం."

"చూపిస్త." కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. మళ్లీ బీరకాయ చేతిలోకి తీసుకుంది. చెక్కు తీయలేదు. "ఒకటి అడుగుత, చెప్తరా? ఆ శుక్రారం తొమ్మిది మందిమి ఉంటిమి. మీరు సీసా తెరిచి మావాళ్లకు ఏసి, మిగిలింది పారబోస్తే మీకేమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదు. వృథా గడిలో రాయాల్సి వచ్చేది."

"ఏమని?"

"ఒకటి అని."

ఆమె నా మొహంలోకి చూసింది. సరిగా వినలేదేమో అనుకున్నట్టు మళ్లీ అడిగింది.

"ఒకటేనా?"

"ఒకటే," అన్నాను.